తడిసి మోపెడు

వాతావరణంలో చెడ్డదంటూ ఉండదట. చెడ్డవన్నీ మన బట్టలేనట. బ్రిటన్‌లో కొండలెక్కే క్లబ్బుల వాళ్ళకి ఇదే గాయత్రీ మంత్రం. గ్లాస్గోలో కాపురం పెట్టిన కొత్తలో నేనూ నమ్మాను. నమ్మి, ఇంటద్దెలో సగం పోసి వాన కోటు కొన్నాను. జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం క్లబ్బు వాళ్ళతో గ్లెన్ కో లోయకు బయల్దేరాను.

వాళ్ళ పిచ్చికి మూలం ఒక పట్టిక. 1891లో సర్ హ్యూ మన్రో అనే ఆయన స్కాట్లండ్‌లో 3,000 అడుగులు దాటిన శిఖరాలన్నిటికీ జాబితా వేశాడు; వాటికి మన్రోలనే పేరొచ్చింది. అప్పట్నుంచీ వాటికి టిక్కులు పెట్టుకోవడమే జీవితాశయంగా బతికే జాతి ఒకటి పుట్టింది. ఇప్పుడా లెక్క 282. జాబితా వేసిన మహానుభావుడే అన్నీ ఎక్కకుండా కన్నుమూశాడు కానీ, క్లబ్బులో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. 2012లో ఒక కొండను మళ్ళీ కొలిస్తే అర మీటరు కూడా లేని తేడాతో తప్పింది, జాబితాలోంచి తీసేశారు. అంతకు ముందు వడగళ్ళలో తడుస్తూ దాన్ని ఎక్కిన వాళ్ళు ఎక్కింది మరి దేన్నో!

శనివారం పొద్దున్నే మేం దిగిన హట్‌లో వాతావరణ సూచన చదివారు. మన్రోల మీద మబ్బు లేకుండా ఉండే అవకాశం ఎంత శాతమో అందులో చెప్తారు. ఆ రోజు 10. మన పిల్లాడికి లెక్కల్లో పది వస్తే ఏమంటామో అది అక్కడ ఎవరూ అనలేదు. "పది ఉందిగా!" అన్నాడు మా లీడరు, లాటరీ తగిలినవాడిలా. బయట పడేది వానా కాదు, మంచూ కాదు. రెండూ కలిసి అడ్డంగా కొడుతున్నాయి.

మేం ఎక్కింది బూకిల్ ఎటివ్ బెగ్. గేలిక్‌లో ఎటివ్ చిన్న కాపరి అని అర్థం. నిజం కాపరి ఎవడూ ఆ రోజు గొర్రెల్ని దొడ్లోంచి వదిలి ఉండడు. కాలిబాట ఎప్పుడో వాగైపోయింది. చేతికర్ర ఎత్తినప్పుడల్లా మణికట్టు దగ్గర దూరిన చల్లటి నీళ్ళు మోచేతి దాకా జారేవి. బయట వాన, లోపల చెమట, మధ్యలో 'ఊపిరి పీల్చే' కోటు. కోటు పీల్చిందో లేదో గానీ నాకు మాత్రం ఊపిరాడలేదు.

925 మీటర్ల పైన ఏముందయ్యా అంటే, రాళ్ళకుప్ప. మనవాళ్ళూ కొండలెక్కుతారు. అలిపిరిలో మొదలెడితే 3,550 మెట్లు. కానీ దారిలో చాలామటుకు నెత్తిన కప్పుంటుంది, చివర దేవుడుంటాడు, చేతికి లడ్డూ వస్తుంది. ఇక్కడ ఆ కుప్పను గ్లవ్సుతో తాకి, రాయైపోయిన చాక్లెట్ కొరికి, ఫొటో దిగి, కొండ దిగడమే. ఫొటోలో పదిహేను ముక్కులు, వెనకాల తెల్లటి మబ్బు. హట్ గోడ ముందు నించున్నా ఇదే ఫొటో వచ్చేది. దిగుతుంటే నాలుగింటికే చీకటి పడింది. నా తల మీది టార్చీ నిజంగానే కొండెక్కింది.

రాత్రి హట్‌లో పదిహేను జతల సాక్సులు ఆరేసిన గది పక్కనే కూర్చుని, ఆ వాసనలోనే సూప్ తాగుతూ, ఎంత సరదాగా గడిచిందో అనుకున్నారు. దీని పేరు టైప్ టూ ఫన్. జరిగేటప్పుడు నరకం, చెప్పుకునేటప్పుడు సరదా. మా ఊళ్ళో దీన్ని సరదా అనరు, గండం గడిచిందంటారు.

గడవని రోజులూ ఉంటాయి. అప్పుడు చీకట్లో స్ట్రెచర్ మోసుకుంటూ పైకొచ్చే రక్షక దళాల వాళ్ళు జీతం తీసుకోని వాలంటీర్లు. వాళ్ళు పట్టుకొచ్చే వాళ్ళలో మంచి కోట్లు వేసుకున్నవాళ్ళకేం తక్కువుండదు. బట్టల మంత్రం చదివేవాళ్ళు ఒకసారి వాళ్ళ దగ్గర కూర్చుని చదివితే బాగుంటుంది.

అన్నట్టు, ఆ రోజు హట్ దాటని మనిషి ఒక్కరే. అరవై దాటిన ఆవిడ, మొత్తం 282 ఎప్పుడో పూర్తి చేసింది. మేం నీళ్ళోడుతూ తిరిగొచ్చేసరికి పొడి సాక్సులతో స్టవ్ పక్కన నవల చదువుకుంటోంది. మా సూప్ కాచింది కూడా ఆవిడే. ఎందుకు రాలేదండీ అని అడిగాను.

"వాతావరణం బాగాలేదు బాబూ" అంది.