ఉపాధి లెక్కలకు ఎదురు చిట్కాలు

కేంద్ర గణాంక శాఖ ఏటా ఉపాధి నివేదిక ఇవ్వగానే నిరుద్యోగ రేటు పతాక శీర్షికకు ఎక్కుతుంది. ఆ ఒక్క అంకె చూస్తే చాలంటారు చాలామంది. ఈ చిట్కాలు ఆ అలవాటుకు ఎదురీదేవి. వీటిని షోలాపూర్ శివారు కుంభారిలోని విడీ ఘర్కుల్ కాలనీని ముందుపెట్టుకుని చదవండి. కార్మిక నేత నర్సయ్య ఆడం నాయకత్వాన సాగిన పోరాటంతో బీడీ కార్మిక మహిళలకు అక్కడ పదివేల ఇళ్లు దక్కాయి. 2006లో అవి ప్రారంభమయ్యాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. ఆడవాళ్లు బీడీలు చుడతారు, మగవాళ్లు సాంచాలు (మరమగ్గాలు) నడుపుతారు.

1. నిరుద్యోగ రేటును చివర చూడండి. పదిహేనేళ్లు దాటినవారిలో ఇది 2017-18లో 6.0 శాతం, 2023-24లో 3.2 శాతం. పని చేస్తున్నవారూ, పని వెతుకుతున్నవారూ కలిసిన మొత్తంలో ఎంతమందికి పని లేదన్నదే ఈ రేటు. విసిగి వెతకడం మానేసినవాళ్లు ఇందులో కనబడరు. పొయ్యి వెలగాలంటే పేదింట్లో ఎవరూ ఖాళీగా కూర్చోలేరు, ఏ కూలి దొరికితే దానికి పోతారు. కాబట్టి రేటు తగ్గినంత మాత్రాన మంచి పని దొరికినట్టు కాదు.

2. స్వయం ఉపాధి పెరిగిందంటే చప్పట్లు కొట్టకండి. పనిచేసేవారిలో వీరి వాటా 2017-18లో 52.2 శాతం, 2023-24లో 58.4 శాతం. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చుకుని ఇంట్లో బీడీలు చుట్టి, వెయ్యికి ఇంతని కూలి తీసుకునే మనిషిని కూడా ఈ నివేదికకు ఆధారమైన సర్వే స్వయం ఉపాధిలోనే వేస్తుంది. ధర ఆమె చేతిలో లేదు, సరుకు ఆమెది కాదు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం మాత్రం ఇంట్లో చుట్టే ఆమెను కూడా ఉద్యోగి అనే పిలిచేది. ఆ చట్టం ఒప్పుకున్న హోదాను పట్టిక దాచేస్తోంది.

3. శ్రామిక శక్తిలో మహిళల భాగస్వామ్యం పెరిగితే, ఏ పనిలోనో అడగండి. ఇది 2017-18లోని 23.3 శాతం నుంచి 2023-24లో 41.7 శాతానికి చేరింది. 2023-24లో పనిచేసే మహిళల్లో మూడింట ఒక వంతుకు పైగా కుటుంబ వ్యాపారంలోనో సేద్యంలోనో జీతం లేకుండా సాయపడేవాళ్లే. ఆదాయాల పట్టిక తెరిచి పక్కన పెట్టుకోండి. తలల సంఖ్య పెరిగి కూలి పెరగకపోతే అది భారం పెరగడమే.

4. ఏడాది లెక్క ఏడాది పొడవునా దొరికిన పని అనుకోకండి. సాధారణ స్థితి లెక్కలో గడిచిన 365 రోజుల్లో ముప్పై రోజులు అనుబంధంగా పని చేసినా కార్మికుడే. వారపు లెక్కలో ఒక్క రోజు, ఒక్క గంట చాలు. చద్దర్లకు, టవళ్లకు గిరాకీ తగ్గి సాంచాలు ఆగిపోయిన వారాలు ఈ మాటల కింద మరుగున పడతాయి. అందుకే రెండు లెక్కలూ పోల్చండి. 2025 జనవరి నుంచి సర్వే పద్ధతి మారింది కనుక ఆ తర్వాతి అంకెలను పాతవాటి పక్కన నేరుగా నిలబెట్టకండి.

5. ఫ్యాక్టరీల వార్షిక సర్వేను ఊరి మొత్తం చిత్రమనుకోకండి. చట్టం ఫ్యాక్టరీగా గుర్తించేంత మంది పనివాళ్లు ఉన్న యూనిట్ మాత్రమే సాధారణంగా అందులోకి వస్తుంది. నాలుగైదు సాంచాల చిన్న షెడ్డు దాని కంటికి ఆనదు.

6. ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు ‘ఇంట్లోనే ఉంటానండీ’ అని ఊరుకోకండి. వెయ్యి బీడీలు చుట్టడం పనే. రోజుకు ఎన్ని గంటలు, సరుకు ఎవరిచ్చారు, కూలి ఎంత, బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉందా లేదా, అన్నీ చెప్పండి. మీరు చెప్పనిది ఏ పట్టికలోనూ ఉండదు.

ప్రభుత్వానికి ఒక విన్నపం: ఇంటి దగ్గర పరాయి సరుకుతో పనిచేసేవారిని స్వయం ఉపాధిలో కలపకుండా, వార్షిక నివేదికలోని ప్రతి పట్టికలో వేరే వరుసగా చూపించండి. ఆ వరుస వచ్చేవరకు ఏ ఏడాది అంకెను చూసీ దేశంలో ఉపాధి మెరుగైందని మనం ఒప్పుకోనక్కర్లేదు.