పిన్ కోడు వాక్యానికి టీకాతాత్పర్యాలు

మూలము:
ఇంట్ పిన్ = 520012 ;

అవతారిక: భవానీపుర వాస్తవ్యుడైన ఒకానొక ఇంజనీరింగ్ విద్యార్థి, ల్యాబులో టర్బో సి వారి నీలితెర యెదుట ఆసీనుడై, తన పేట పిన్ కోడును యంత్రమునకు నివేదించు సందర్భము.

ప్రతిపదార్థము: ఇంట్ = పూర్ణాంకజాతికి చెందినదియు; పిన్ = పిన్ అను పేరు గలదియు నగు చరరాశియందు; 520012 = భవానీపురపు తపాలా సంఖ్యను; = అను గుర్తు = ఉంచుమనుట; చివరి సెమికోలన్ = ఇంతటితో నా విన్నపము ముగిసెననుట. (ఇది మరచినవానిపై కంపైలరు దయ చూపదు.)

తాత్పర్యము: పిన్ అనే గదిలో 520012 పెట్టమని విద్యార్థి కోరాడు. మళ్లీ అచ్చు వేయమంటే తెర మీద -4276 అని వచ్చింది.

విశేషము: ఇక్కడ అదనంగా నాలుగు ముక్కలు చెప్పాలి. టర్బో సిలో ఇంట్‌కు 16 బిట్లే. అందులో -32768 మొదలు 32767 దాకా పడుతుంది, అంతకుమించి పట్టదు. ఆ విలువలన్నీ కలిపి 65536, దాటిన సంఖ్య అన్నేసి తగ్గుతూ చుట్టి వస్తుంది. 520012లోంచి ఏడు 65536లు పోతే మిగిలేది 61260. అదీ 32767 దాటింది కాబట్టి ఇంకో 65536 తీసేస్తే -4276. తమాషా ఏమంటే, అవే బిట్లను అన్‌సైన్డ్ (ఋణగుర్తు లేనిది) అని చదివితే 61260 అంటాయి. బిట్లకు సొంత అర్థం లేదు. ఎన్ని తీసుకోవాలో, ఎలా చదవాలో చెప్పేది మనం ముందు రాసిన ఆ ఒక్క మాటే. లాంగ్ అని రాసి ఉంటే 32 బిట్లలో పిన్ కోడు సుఖంగా సర్దుకునేది.

16 బిట్లే కదా అని తీసిపారేయకండి. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు, 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోయి, ఎగిరిన నిమిషంలోపే ముక్కలైంది. అక్కడ వాడిన భాష ఏడా. రకాల విషయంలో అంత మడి పాటించే భాషలు అరుదు. ప్రకటన ఉంది, ఆ మార్పిడికి కాపలా లేదు.

పూర్వపక్షము: "పైథాన్‌లో పేరు రాసి విలువ పెడితే చాలు కదండీ, ఈ మడీ ఆచారం దేనికి?"

సమాధానము: పేరుకు రకం లేకపోయినా విలువకు ఉండనే ఉంది. ఫారంలో టైపు చేసిన 520012 అక్షరాలుగా వస్తుంది. దానికి 1 కలపమంటే జావాస్క్రిప్ట్ పక్కన అతికించి 5200121 అంటుంది. పైథాన్ కూడనంటుంది గానీ, ఆ మాట అనేది ప్రోగ్రాం నడిచి ఆ వరుస దాకా వచ్చాకే. చివరికి జావాస్క్రిప్ట్ వారికి 2012లో టైప్‌స్క్రిప్ట్ వచ్చింది, పైథాన్ వారు 2015లో టైప్ హింట్లు చేర్చుకున్నారు.

పాఠాంతరము: చార్ పిన్[7] = "520012" ; అని కొన్ని ప్రతులలో కలదు. భవానీపురం పిన్‌కు గొల్లపూడి పిన్ కలిపి సగటు తీసే మానవుడు లేడు కనుక ఈ పాఠమే గ్రాహ్యము. విద్యార్థులు రికార్డులో దిద్దుకోగలరు. ఆరంకెలకు ఏడు గదులెందుకని వైవాలో అడుగుతారు. ఏడోది వరుస ముగిసిందని చెప్పే నల్ అక్షరానికి.