ఇల్లు నాదేనట, పూచీ మాత్రం ఎవరిదీ కాదట

హైదరాబాదులో 80 లక్షలు పెట్టి ఒక పాత ఇల్లు కొన్నాను. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే 6 లక్షలు సర్కారుకు సమర్పించుకున్నాను. అంత పుచ్చుకున్నాక ‘ఈ ఇల్లు ఇతనిదే’ అని ఒక్క ముక్క రాసిస్తారని ఆశపడతాం కదా! ఇవ్వరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద వాళ్లు నమోదు చేసేది దస్తావేజును, హక్కును కాదు. ఫొటో తీశాం, వేలిముద్ర వేయించాం, ఇక అమ్మినవాడికి అసలు అమ్మే హక్కుందో లేదో మీరూ మీరూ చూసుకోండి అంటారు.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఉందిగా అంటారు తెలిసినవాళ్లు. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. వీలునామాను రిజిస్టరు చేయించి తీరాలన్న నియమం లేదు కనుక, ఏ తాతగారో రాసి బీరువాలో దాచిన కాగితం అందులోకి ఎక్కదు. వాటా అందని ఆడపడుచూ ఎక్కదు.

బ్యాంకు వకీలుగారు లింకు డాక్యుమెంట్లన్నీ తిరగేసి లీగల్ ఒపీనియన్ ఇచ్చారు. ఫీజు నాది, ఒపీనియన్ బ్యాంకుది. ‘నాకు చూపిన కాగితాలను బట్టి’ అని చివర్లో ఒక మాట వేసుకుని ఆయన ఒడ్డున పడ్డారు. ఇల్లు తాకట్టు పెట్టుకుని బ్యాంకూ ఒడ్డున పడింది.

నాకేమీ లేదని కాదు. ‘ఇకమీదట ఏ విధమైన తగాదాలు వచ్చిననూ నా సొంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవాడను’ అని అమ్మినాయన దస్తావేజులో రాసిచ్చారు. దస్తావేజు లేఖరి ఆ వాక్యాన్ని ఊపిరి తీసుకోకుండా చదివాడు. అమ్మినాయనకు డెబ్భై దాటాయి. డబ్బు ముట్టగానే కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. నా 80 లక్షలకు ఉన్న బీమా మొత్తం ఆ పెద్దాయన ఆరోగ్యమే.

డాలస్‌లో ఉన్న మా బావమరిది ఇది విని నవ్వాడు. అక్కడ టైటిల్ ఇన్సూరెన్స్ అని ఒకటుందట. ప్రీమియం కొన్నప్పుడు ఒక్కసారే కట్టాలి. జరగబోయేదానికి కాదు, జరిగిపోయినదానికి బీమా: పాత ఫోర్జరీ సంతకం, బయటపడని వారసుడు, తీరని తాకట్టు. కోర్టు ఖర్చులూ కంపెనీవే. మనకు ముందే తెలిసి దాచిన లోపానికి మాత్రం పైసా ఇవ్వరు. అక్కడా లోకరీతి మారలేదు. అప్పిచ్చినవాడి పాలసీకి డబ్బు సాధారణంగా కొనేవాడే కడతాడు, అది కాపాడేది అప్పిచ్చినవాణ్ని. తన కోసం ఇంకొకటి విడిగా తీసుకోవాలి.

అదైనా ఊరికే పుట్టలేదు. 1868లో పెన్సిల్వేనియాలో ఒకాయన ఇలాగే దెబ్బతిని కోర్టుకెక్కితే, కాగితాలు చూసినవాడు లాయరు మాట నమ్మాడు కనుక అతని తప్పు లేదు పొమ్మన్నారు. 1876లో ఫిలడెల్ఫియాలో మొదటి టైటిల్ బీమా కంపెనీ వెలిసింది.

మనకూ 2016 రెరా చట్టంలో 16వ సెక్షన్ ఉంది. బిల్డరు టైటిల్‌కు బీమా చేయించాలంటుంది, కాకపోతే ప్రభుత్వం నోటిఫై చేసిన మేరకే. అదీ ప్రాజెక్టులకు. నాలాగా పాత ఇల్లు కొన్నవాడి ఊసు అందులో లేదు.

కాబట్టి మహాశయులారా, మీరు ఇల్లు కొంటే అమ్మినవారికి ఏటా పండగకి ఫోను చేసి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పండి. నంబరు మార్చవద్దని కూడా బతిమాలండి.