మోత ఘనం, బలం పూజ్యం

అనకాపల్లి బెల్లం మార్కెట్టు మొదలుకొని జాతీయ రహదారి దాకా బుల్లెట్టు బండ్ల యువకులలో ఒక సిద్ధాంతం చెలామణీ అవుతున్నది: కంపెనీ బిగించిన సైలెన్సరు ఇంజను గొంతు నొక్కుతుందనీ, దానిని పీకి ఖాళీ గొట్టం తగిలిస్తే పొగ హాయిగా వెళ్లిపోయి పికప్ పెరుగుతుందనీ దాని సారాంశం. ఈ సిద్ధాంతానికి ప్రయోగశాల రోడ్డుపక్క షెడ్డు, పరికరం గ్యాస్ కట్టరు, కొలమానం కుర్రవాడి చెవి. ఫలితం ముందే ఖాయమైనందున ప్రయోగం ఎన్నడూ విఫలం కాదు.

ఇదే గొట్టం కోసం ఇంజనీర్లు, పాపం, ఇంకా కంప్యూటర్ల ముందు తంటాలు పడుతున్నారు. ఒకే సిలిండరున్న నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి పేలుతుంది గనుక, నిమిషానికి 3000 చుట్ల వద్ద వేడి వాయువు ఏకధారగా కాక సెకనుకు 25 విడతలుగా గొట్టంలోకి దూసుకొస్తుంది. దీనినే స్పందన ప్రవాహం అంటారు. ప్రతి విడతతో పుట్టిన పీడన తరంగం గొట్టం తెరచిన కొసను తాకి, పీడనం తగ్గిన అలగా మారి వాల్వు వైపు మళ్లుతుంది. వేడి వాయువులో ధ్వని వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు కాబట్టి మీటరు గొట్టంలో ఈ రాకపోకలకు పట్టేది 4 మిల్లీసెకన్లు. వాల్వు తెరచి ఉండగా చేరిన అల మిగిలిన పొగను లాగేస్తుంది, వేళ తప్పితే ఆ సాయం దక్కదు. సంఖ్యాత్మక అనుకరణ అంటే గొట్టాన్ని చిన్న ముక్కలుగా భావించి, ప్రతి ముక్కలోని పీడన వేగ ఉష్ణోగ్రతలను క్షణక్షణానికీ లెక్కగట్టడం. అందులో సాధారణంగా వాడే పద్ధతులకు, ఒక్క కాలవిరామంలో అల ఒక్క ముక్కకు మించి సాగరాదన్న నియమం 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లేవీల పరిశోధన నుంచి వచ్చింది. షెడ్డు శాస్త్రజ్ఞునికి ఇంత చాదస్తం లేదు. ఆయన పొడవునూ లెక్కనూ ఒక్క కోతతో తెగ్గొడతాడు. నూకాంబిక జాతరలో సన్నాయి పట్టినవాడెవడూ కొస నరికితే రాగం రెట్టింపవుతుందని నమ్మడు.

రేసు బండ్లకూ గొట్టాలు మారుస్తారు కదా అన్నది తరచు వినిపించే వాదన. మారుస్తారు, అయితే ఇంజను బలాన్ని కొలిచే డైనమోమీటరు మీద బండినెక్కించి, ఇంధనపు పాళ్లు సరిదిద్ది, నిర్ణీత వేగాలకు పొడవు కుదిర్చి మరీ మారుస్తారు.

ఇక మోతలోనే బలముందనుకుంటే, అదీ లెక్కకు లొంగేదే. మీటరు దూరంలో 100 డెసిబెళ్లు పలికే గొట్టం ధ్వనిరూపంలో వెదజల్లేది వాటులో పదో వంతు పాటిది. 20 అశ్వసామర్థ్యపు ఇంజను ఇవ్వగలిగేది దాదాపు 15,000 వాట్లు. వీధినంతా ఉలికిపాటుకు గురిచేసిన ఆ ప్రతాపాన్ని పోగుచేసినా ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బు వెలగదు.

నివాస ప్రాంతాలకు రాత్రివేళ 45 డెసిబెళ్ల హద్దు పెట్టిన దేశంలో, శబ్ద కాలుష్య ప్రమాణాలను మీరిన బండి నడిపితే తొలి తప్పుకే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడే వీలును మోటారు వాహనాల చట్టం కల్పించింది. పికప్ పెరిగినట్లు ఏ షెడ్డూ రసీదు రాసివ్వదు గాని, జరిమానాకు మాత్రం రసీదు తప్పక ముడుతుంది.