మునగడు, తేల్చడు

అమలాపురం నుంచి రాజోలు దాకా ఏ ఊరికెళ్ళినా ఒక మనిషి తప్పకుండా తగులుతాడు. పని చెయ్యడంలో కంటే, చెయ్యాలా వద్దా అని ఆలోచించడంలో ఎక్కువ సుఖం ఎరిగినవాడు. ఒకడు రొయ్యల చెరువు తవ్వించాలా వద్దా అని ఆలోచిస్తూ పంటలకి పంటలే దాటించేస్తాడు. ఇంకొకడు అంబాజీపేటలో ధర పెరిగాక దింపు తీయిద్దామని చూస్తుంటే కొబ్బరికాయలు విసుగెత్తి వాటంతటవే రాలిపోతాయి. వీళ్ళు సోమరులని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అరుగు మీదా, టీకొట్టు దగ్గరా, పెళ్ళి పందిట్లోనూ కూడా వాళ్ళు డ్యూటీలోనే ఉంటారు. ఆ వంశంలో మా బావది నీటికింద శాఖ.

బావకి దుబాయిలో ఉద్యోగం. అక్కడి స్నేహితులతో ఫుజైరా వెళ్ళి, సముద్రంలో స్కూబా నేర్చుకుని, కార్డు పుచ్చుకుని సెలవుకి వచ్చాడు. దిగిన మర్నాటికల్లా ఊళ్ళో ‘స్కూబా’ ఆయన ఇంటిపేరైపోయింది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఎవరో పంపిన వీడియో చూశాడు. అందులో ముగ్గురు తెల్లవాళ్ళు నీళ్ళలో బల్లపరుపుగా, ఒకే మట్టంలో, చెయ్యి కూడా కదపకుండా ఆగి ఉన్నారు. వాళ్ళ ముందునుంచి ఒకాయన నిటారుగా, సైకిలు తొక్కుతున్నట్టు కాళ్ళాడిస్తూ, రెండు చేతులా నీళ్ళు నెట్టుకుంటూ, అడుగున ఉన్న బురదంతా లేపేసి వెళ్ళాడు. “ఎవర్రా ఈ శాల్తీ!” అని బావ పగలబడి నవ్వాడు. ఫిన్నుల రంగు చూశాక నవ్వు ఆగింది.

ఆ ముగ్గురూ చేసిన కోర్సు పేరు ఫండమెంటల్స్. గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ అనే సంస్థ నేర్పుతుంది. 1998లో ఫ్లారిడాలో జారోడ్ జబ్లాన్‌స్కీ మొదలెట్టాడు. నీళ్ళు నిండిన గుహల్లోకి వెళ్ళి పటాలు గీసుకొచ్చే జట్టువాళ్ళ పద్ధతులివి. 2007లో జబ్లాన్‌స్కీ, కేసీ మెకిన్లీ ఇద్దరూ టర్నర్ సింక్ అనే గుంటలో దిగి, దాదాపు 11 కిలోమీటర్ల అవతల వకల్లా బుగ్గలో పైకొచ్చారు. “అంటే రావులపాలెంలో మునిగి కొత్తపేటలో తేలడం రా!” అని బావ మాకు బోధపరిచాడు. అలాంటివాళ్ళు పెట్టిన బడిలో అక్షరాభ్యాసం ఈ కోర్సు. నాలుగైదు రోజులు. తేలిగ్గా ఆగడం, అడ్డంగా ఉండటం, అడుగు మట్టి లేపకుండా కాళ్ళాడించడం, జట్టుతో కలిసి ఆలోచించడం నేర్పుతారు. బాగా చెయ్యకపోతే కార్డు ఇవ్వరు.

ఆ వీడియో చూసిన దగ్గర్నుంచీ ఈ కోర్సు చెయ్యాలా వద్దా అన్నది బావకి వృత్తి అయింది. గడియార స్తంభం దగ్గర టీకొట్టు దానికి హెడ్డాఫీసు.

“ఎంత లోతుకి తీసుకెళ్తారండీ?”

“18 మీటర్లు దాటదండి.”

“ఓస్, అంతేనాండీ! మా దొడ్లో బోరు అంతకంటే లోతండాయ్.”

2021లో దుబాయిలో 60 మీటర్ల లోతున్న కొలను తెరిచారు. దాని ముందు నిలబడి దిగిన ఫొటో చూపిస్తే ఊరు మెచ్చుకుంటుంది. 18 మీటర్లలో కదలకుండా ఉండటానికి డబ్బు కట్టి, పైగా ఫెయిలయ్యే హక్కు కూడా కొనుక్కొచ్చుకుంటానంటే ఎవరికీ మింగుడు పడదు. “కదలకుండా ఉండటానికి ఎదురు డబ్బులేంటండీ, కొన్ని ఆఫీసుల్లో జీతమిచ్చి మరీ ఉంచుతారు” అన్నాడొకాయన, టీ ఊదుకుంటూ.

నియమాల్లో పొగ తాగేవాళ్ళకి ప్రవేశం లేదన్నది ఒకటి. బావ అప్పటికప్పుడు మానేశాడు. ఏళ్ళ తరబడి మా అక్క పోట్లాడినా పోని సిగరెట్టు, చేరని కోర్సు కోసం పోయింది. అక్క లెక్కలో బావ ఆ రోజే పాసు.

ఇంకొకటి ఈత. 275 మీటర్లు ఎక్కడా ఆగకుండా 14 నిమిషాల్లోపు ఈదాలి. కాలవలో పెరిగినవాడికి ఈత పరీక్షా అని బావ మీసం తడుముకున్నాడు. కాలవలో పెరిగిన మాట నిజమే. కాకపోతే ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్ళు ఒకవైపే పారతాయి, బావ కూడా జన్మలో ఆ వైపే ఈదాడు. లాకుల దగ్గర దూకి చేతులు కట్టుకు కూర్చున్నా దిగువ ఊరి రేవులో తేలతాం. హోటళ్ళ ఈతకొలనుల్లో ఆ సదుపాయం ఇంకా రాలేదు.

సాధన మాత్రం ఇంట్లోనే మొదలెట్టాడు. హాల్లో పట్టెమంచం మీద బోర్లా పడుకుని, మోకాళ్ళు మడిచి, కప్ప తన్నుడు. ముందుకెళ్ళే తన్నుడు సులువే. ఈ కోర్సులో వెనక్కి వెళ్ళే తన్నుడు కూడా ఉంది, అందరినీ ఏడిపించేది అదే. బావ భోజనాల వేళ దాకా తన్నాడు. పిల్లలు చుట్టూ చేరి, మంచం కోడు దగ్గర సుద్దముక్కతో గీత గీసి, “నాన్నా, ఇంకా రాలేదు, ఇంకా రాలేదు” అని ఉత్సాహపరిచారు.

అసలు చిక్కు బావ వాళ్ళమ్మగారు, అంటే మా అత్తయ్యగారి దగ్గర వచ్చింది. తోటివాడికి గాలి అయిపోయిందనుకోండి, గొంతు మీద చెయ్యి అడ్డంగా ఆడించి చూపిస్తాడు. అప్పుడు మనం పీలుస్తున్న రెగ్యులేటరు మన నోట్లోంచి తీసి వాడికి ఇచ్చెయ్యాలి. గడ్డం కింద రబ్బరు తాడుకి వేలాడే రెండోది మనం పెట్టుకోవాలి. ఇచ్చిన దాని గొట్టం ఏడడుగుల పొడవు ఉంటుంది, ఇరుకు గుహలో ఒకరి వెనక ఒకరు వెళ్ళడానికి. గాలాడనివాడు కంగారులో ఎలాగూ నోట్లోదే లాక్కుంటాడు, పైగా అది పనిచేస్తోందని అప్పటికే రుజువైంది కాబట్టి అదే ఇవ్వడం న్యాయం. ఇదంతా బావ అత్తయ్యగారికి పప్పుగరిట రెగ్యులేటరుగా పట్టుకుని చేసి చూపించాడు.

ఆవిడ సాంతం విని, “అంటే ఎంగిలిది వాడికిచ్చి, శుభ్రమైంది నువ్వు ఉంచుకుంటావా?” అన్నారు.

“అమ్మా, అది ప్రాణం మీదికొచ్చినప్పుడు...”

“ప్రాణం మీదికొచ్చినవాడికి ఎంగిలి పెడతావా? మన ఇంట్లో ఎన్నడైనా ఉందట్రా? మెడలో కొత్తది వేలాడుతుంటే అది ఇవ్వడానికి చెయ్యి రాదూ!”

గుహల్లో ఏళ్ళ తరబడి ఆలోచించి తేల్చిన పద్ధతిని అత్తయ్యగారు విస్తరాకు ముందు అరనిమిషంలో కొట్టేశారు. బావ దగ్గర సమాధానం లేదు. సముద్రంలో కడుగుతాం కదా అని గొణిగాడు గానీ, ఉప్పునీళ్ళ సంగతి ఆవిడ దగ్గర సాగలేదు.

ఇక జట్టు. ఈ కోర్సుకి ప్రాణం అదే. దిగేముందు ప్రతి కొక్కెం, ప్రతి గొట్టం ఒకరి దగ్గరొకరు పైకి చెప్పుకుంటూ సరిచూసుకోవాలి. నీళ్ళలో ఎవరి లెక్క వాళ్ళది కాదు, ముగ్గురికీ చాలినంత గాలి ఉందా అన్నదే లెక్క. జట్టులో ఏ ఒక్కరు బొటనవేలు పైకి చూపినా డైవు ముగిసినట్టే, అందరూ పైకి రావాలి. ఎందుకని అడక్కూడదు. నాకు ఇక్కడే అనుమానం. ఎందుకని అడగకుండా కోనసీమ మనిషి పెళ్ళి పందిట్లో కుర్చీ కూడా జరపడు.

“టీము మనకి వాళ్ళు నేర్పాలా?” అని బావ జగ్గన్నతోట ఎత్తాడు. కనుమ నాడు ఏకాదశ రుద్రులూ చేరే తీర్థం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక దాటుతుంటే చూడాలి. పీకల్లోతు నీళ్ళలో కుర్రాళ్ళు భుజాల మీద ప్రభని ఒరగనివ్వకుండా అవతలికి చేరుస్తారు. బావ కూడా ఒకప్పుడు భుజం పట్టినవాడే. నీళ్ళలో జట్టుపని ప్రపంచానికి మనమే నేర్పగలం, సందేహం లేదు. కాకపోతే అక్కడ మోసేవాళ్ళూ, గట్టు మీదవాళ్ళూ, చెట్టెక్కినవాళ్ళూ అందరూ ఒకేసారి అరుస్తూనే ఉంటారు, ఆ అరుపుల మీదే ప్రభ నడుస్తుంది. ఈ కోర్సులో నోటికి రెగ్యులేటరు బిగించేస్తారు. మాట్లాడకుండా జట్టుగా పనిచెయ్యడం మా ప్రాంతంలో ఇంతవరకూ ఎవరూ ప్రయత్నించలేదు.

నన్నడిగితే ఎంగిలీ కాదు, ఈతా కాదు, అసలు భయం వీడియో. డైవులన్నీ తీసి, అందరి ముందూ ఆపి ఆపి చూపిస్తారు. తోటివాళ్ళు నీ తప్పు నీ మొహం మీదే చెప్తారు, వాళ్ళది నువ్వు చెప్పాలి. మా వైపు ఎవరి తప్పూ ఎవరూ మొహం మీద చెప్పరు. “తమరి ఈత చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదండాయ్” అంటారు. విన్నవాడు ఇంటికెళ్ళి స్నానం చేశాక గానీ అది తగలదు. అలా పెరిగినవాడికి ‘నీ మోకాళ్ళు కిందికి జారుతున్నాయి’ అని సూటిగా చెప్తే తట్టుకోవడం కష్టం.

పైగా ఫలితం కూడా పాసూ ఫెయిలూ రెండే కాదు. కొద్దిలో తప్పినవాళ్ళకి ప్రొవిజనల్ అని రాస్తారు. ఆరు నెలల్లోగా మళ్ళీ వచ్చి చేసి చూపించుకోవాలి. బావకి నిద్ర పట్టనివ్వనిది ఈ మాటే. ఫెయిలైతే గురువు మంచివాడు కాడని చెప్పుకోవచ్చు. ప్రొవిజనల్ వస్తే టీకొట్టులో ఏమని చెప్పుకోవడం?

ఈ బాధ ఒక మధ్యాహ్నం మా నాన్న చెవిన పడింది. ఆయన డిగ్రీ కాలేజీలో హెడ్ క్లర్కుగా రిటైరైనవారు.

“ప్రొవిజనల్ ఇస్తారా అల్లుడూ? ఇంకేం, పాసేగా! ఒరిజినల్ తర్వాత ఎప్పుడో కాన్వొకేషనుకి ఇస్తారు. మావాళ్ళు ప్రొవిజనల్ మీదే ఉద్యోగాలు కొట్టారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ధైర్యంగా వెళ్ళిరండి.”

అది విని బావ మొహం వెలగాలి. పాలిపోయింది. సిగరెట్టు పోయింది, ఇప్పుడు ప్రొవిజనల్ భయం కూడా పోయింది. వెళ్ళకుండా ఉండటానికి ఇక చేతిలో ఏమీ మిగల్లేదు. అక్క ఆ సాయంత్రమే విమానం టిక్కెట్ల ధరలు చూడటం మొదలెట్టింది. రాత్రి అన్నంలో పెరుగు కూడా వేసుకోకుండా లేచాడు.

పొద్దున్నే టీకొట్టు దగ్గర మాత్రం మనిషి తేరుకుని కనిపించాడు.

“కోర్సు చెయ్యడం ఖాయమైపోయిందండి. కాకపోతే ఒక్క సిలిండరుతో చెయ్యొచ్చు, వీపున రెండు కట్టుకునైనా చెయ్యొచ్చు. ముందు అది తేల్చుకోవాలి కదండాయ్.”

“రెండంటే బరువు కదండీ,” అన్నాడు బోరు ఆయన.

“ఒకటంటే మరీ చిన్నతనంగా ఉండదూ?” అన్నాడు ఇంకొకాయన, బల్ల మీద జరిగి బావకి చోటిస్తూ.