సింటాక్స్ ఎర్రర్: సటీకం, సతాత్పర్యం

మూలం: “4వ వరుస: సింటాక్స్ ఎర్రర్, అన్‌ఎక్స్‌పెక్టెడ్ పన్నా, ఎక్స్‌పెక్టింగ్ నంబర్.”

అవతారిక: భివండి పట్టణం, గైబీ నగర్. అక్కడొక సాంచల (మరమగ్గాల) కార్ఖానా. నేసే గుడ్డ వివరాలు కంప్యూటర్‌కెక్కించడానికి ఒక ప్రోగ్రామరు మహాశయుడు చిన్న భాషొకటి కల్పించి, బైసన్ అనే పనిముట్టు చేత దానికి పార్సర్ (వ్యాకరణం ప్రకారం చదివే ప్రోగ్రాము) పుట్టించాడు. అక్కడి ముకాదం (మేస్త్రీ) మూడో వరుసలో “రీడ్ 92 పిక్ 88 కౌంట్ 40 /” అని రాసి, గీత తరవాత పేక కౌంటు మరిచి, నాలుగో వరుసలో గుడ్డ వెడల్పు కోసం “పన్నా 48” అని రాయగా పై వాక్యం వెలువడింది.

ప్రతిపదార్థం: సులభం గనుక విడిచితిమి.

వ్యాఖ్య: ఈ వాక్యంలో అసత్యం లేశమైనా లేదు. 1965లో క్నూత్ ఎల్‌ఆర్ పద్ధతిని ప్రకటించిన నాటి నుంచీ బైసన్ పుట్టించే ఈ పార్సర్ల వంశానికొక నియమం ఉంది. చదివినంత మేరా ఏదో ఒక సరైన వాక్యానికి ఆరంభం కాగలగాలి. కాలేని పదం ఎదురైతే దాన్ని లోపలికి తీసుకోకుండా ఆగిపోవాలి. గీత తరవాత అంకె రావాలి. పన్నా వచ్చింది. ఆగింది. ఈ భాషలో వరుస మారడం ఉత్త ఖాళీతో సమానం గనుక నేరం నాలుగో వరుస మీద పడింది. తప్పు పట్టుబడిన చోటు చెప్పింది గాని, జరిగిన చోటు చెప్పలేదు.

పద్మానగర్ నుంచి పనికి వచ్చే మన తెలుగు ముకాదం “ఏంది సారూ, పన్నా అనే రాసిన గదా! పక్కన నంబరు గూడ ఉన్నది!” అని మొత్తుకుంటూ, ఏ పాపమూ ఎరగని ఆ పన్నాను చెరిపి రాశాడు, రాసి చెరిపాడు. సాంచ మీద పేక తెగితే, దాన్ని కాపలా కాసే ఫోర్క్ సాంచను ఆపుతుంది. అదీ కారణం చెప్పదు; కాని తెగిన పోగు అక్కడే కంటికి కనబడుతుంది.

మెదకు సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి తన టీకలకు రెండు నియమాలు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. మన సందేశం మొదటిదాన్ని ప్రాణప్రదంగా పాటించింది. రెండోదాన్ని మరీ అతిగా పాటించి, అక్కరున్నది కూడా మానేసింది.

విశేషాంశం: రెండు సూత్రాలు ఒకేచోట వర్తిస్తే ఏది చెల్లాలి? పాణిని అష్టాధ్యాయి మొదటి అధ్యాయం నాలుగో పాదం రెండో సూత్రం ప్రకారం పరమైనది, అంటే తరవాత చెప్పినది చెల్లుతుందని సంప్రదాయం. అలా చెల్లక ఇబ్బందైన చోట్ల పరమంటే ఇష్టమైనదని పతంజలి సర్దాడు. కాదు, పదంలో కుడివైపు భాగానికి వర్తించేదని 2022లో కేంబ్రిడ్జిలో ఋషి రాజ్‌పోపట్ వాదించాడు. 1975లో బెల్ ల్యాబ్స్ నుంచి స్టీఫెన్ జాన్సన్ వెలువరించిన, బైసన్‌కు పూర్వీకుడైన యాక్‌ది సరిగ్గా ఎదురు మతం. చదివినవాటిని ఒక సూత్రం కింద మడవడం రెడ్యూస్, తరవాతి పదాన్ని లోపలికి తీసుకోవడం షిఫ్ట్. రెండు రెడ్యూస్‌లు పోటీపడితే ముందు రాసిన సూత్రమే చెల్లుతుంది, షిఫ్ట్‌కీ రెడ్యూస్‌కీ తగువైతే షిఫ్ట్‌దే గెలుపు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి అత్తు సంధి దగ్గర బహుళమని చెయ్యి దులుపుకున్నాడు. ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు, ఒకచోట వికల్పం, ఒకచోట మరోలా. బైసన్‌లో దీనికి దగ్గరి చుట్టం ఎక్స్‌పెక్ట్ అనే ఆదేశం: మా వ్యాకరణంలో షిఫ్ట్ రెడ్యూస్ తగువులు ఇన్ని ఉన్నాయని మనమే ముందుగా ఒప్పుకుంటే, లెక్క సరిపోయినంత కాలం అది గొణగదు. ఇక 1967లో ఇంగర్‌మన్ బ్యాకస్ పేరిట ఉన్న సూత్రలేఖనానికి పాణిని పేరు కూడా చేర్చాలని ప్రతిపాదించడం గురించి...

ముకాదం మళ్లీ ఫోన్ చేశాడు. పన్నా ఇంకా ఎక్కలేదట.

శంక: రాగల పదాలు చెబుతూనే ఉందిగా, ఇంకేం కావాలి?

సమాధానం: ఇక్కడ రాదగినది ఒక్కటే గనుక చెప్పింది. బైసన్ ఇచ్చే ఈ వివరపు సందేశంలో రాదగినవి నాలుగు మించితే ఒక్కదాని పేరూ చెప్పదు. ఎక్కువ దారులున్న చోటే దారి అడిగేవాడికి మౌనం దొరుకుతుంది. తప్పు నుంచి కోలుకోవడానికి బైసన్‌లో ఎర్రర్ అనే ప్రత్యేక పదముంది. అది వాడినా, వరసగా మూడు పదాలు సజావుగా నడిచేదాకా మరో తప్పు గురించి పెదవి విప్పదు. ఒక తప్పు వెనక పది బూటకపు తప్పులు రాకుండా ఈ ఏర్పాటు, మంచిదే. కాని ఆ మూడింటి మధ్య నిజమైన తప్పుంటే, మొదటిది దిద్దాకే అది బయటపడుతుంది. ఈలోగా సాంచ మీదికి బీమ్ ఎక్కదు, కూలీ పుట్టదు.

ఇంతా అడిగితే ప్రోగ్రామరుగారి జవాబు: “గ్రామర్ ప్రకారం రాయమనండి.”

పాఠపరిష్కారం: మూలపాఠం భ్రష్టమని మా అభిప్రాయం. “3వ వరుస: గీత తరవాత పేక కౌంటు రాయలేదు” అని దిద్దితిమి. ఈ పాఠానికి వ్యాకరణంలో ఒక్క అదనపు సూత్రం చాలు: కౌంట్, నంబర్, గీత, ఆపైన ఏమీ లేకుంటే ఈ సందేశం. గీత ఏ వరుసలో ఉందో బైసన్‌ను అడిగితే గుర్తుపెట్టుకుంటుంది కూడా.

తాత్పర్యం: యంత్రం తనకు తెలిసినంతా చెప్పింది. గీత తరవాత కౌంటు మరచిపోతారని తెలిసినవాడు ప్రోగ్రామరు. ఆ ఒక్క పంక్తి రాయనివాడు ముకాదానికి వ్యాకరణం చెప్పడానికి అధికారి కాడు.