లారీ కంపెనీ పెద్దసారుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ లారీ కంపెనీ పెద్దసారు గారి దివ్య సముఖమునకు,

జనగామ జిల్లా తరిగొప్పుల మండలం నుంచి, తమరి బండి కొన్న ఓనరు కమ్ డ్రైవరు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఇచ్చట మేము క్షేమము. తమరి బండియు క్షేమమే. ఆ క్షేమ సమాచారము తమరి కంప్యూటరు గారికి నమ్మకము కుదురు వరకు, మిర్చి లోడుతో సహా మమ్ములను అడవిలో నిలబెట్టినందులకు ముందుగా మా కృతజ్ఞతలు స్వీకరించగలరు.

ఎనుమాముల మార్కెట్టులో బస్తాలు ఎక్కించుకొని, కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు కాడ 44వ నంబరు హైవే అందుకొని ఢిల్లీకి బయలుదేరితిమి. నిర్మల్ దాటి ఘాటు ఎక్కుచుండగా మీటరు బోర్డు మీద పసుపుపచ్చ లైటు వెలిగినది. బజరు మోగినది. పిమ్మట కంప్యూటరు గారు మా బండికి గంటకు ఇరవై కిలోమీటర్ల స్పీడు మంజూరు చేసినారు. రాత్రిపూట, ఘాటులో, నిండు లోడుతో ఇరవై. ఆ స్పీడుతో ఘాటు ఎక్కుట ప్రమాదమని బండిని పక్కకు ఆపితిమి. వెనక వచ్చిన బస్సు డ్రైవర్లు తమరి కంపెనీ పేరు ఎత్తనేలేదు సారూ, మా అమ్మనే తిట్టిండ్రు.

ఇగ ఈ మర్యాద నాతోని కాదు. మా భాషల చెప్త, వినుండ్రి.

తప్పు దొరకక ఆగినమనుకునేరు. దొరికింది, ఆ రాత్రే దొరికింది. నేరడిగొండ నుంచి మోటర్‌సైకిల్ మీద ఒక మేస్త్రీ వచ్చిండు. సెల్‌ఫోన్ లైటు నోట్ల కరుచుకొని ఛాసిస్ కిందికి దూరిండు. పొగ తగ్గించే యూరియా నీళ్ల ట్యాంకు పక్కన వైర్ల ప్లగ్గు ఉంటది గదా, నల్లటిది, బొటనవేలంత, దాన్ని ఊడబీకి నా చేతుల పెట్టిండు. పిన్నుల సుట్టూ తెల్లగ ఉప్పు లెక్క పేరుకున్నది. యూరియా నీళ్లు జర కారి ఎండితే అట్లనే అయితదట. గోరువెచ్చని నీళ్లు పోసి పాత టూత్‌బ్రష్‌తోని తోమిండు, నోటితోని ఊదిండు, బనీను గుడ్డతోని తుడిచి ఆరబెట్టి మళ్ల టక్కున పెట్టిండు. వైరు తెగలే, సెన్సరు కాలలే. "అన్నా, బండి మంచిగున్నది" అన్నడు.

బండి మంచిగున్నది. లైటు పోలే.

ఇంజను ఆపి మళ్ల సెల్ఫు కొట్టినం. బ్యాటరీ వైరు తీసి పెట్టినం. ఇరవై అంటే ఇరవైయే. ఆ లైటు ఆర్పుడు మేస్త్రీ చేతుల లేదు, బండి నా పేరు మీదున్నా నా చేతుల లేదు. మీ లాప్‌టాప్ చేతుల ఉన్నది. బండి బాగైంది రాత్రి, బాగైందని మీరు ఒప్పుకున్నది మర్నాడు పొద్దు వాలినంక. ఈ రెంటి నడుమ నేను అడవిల ఎందుకు ఉండాలె? ఈ ఒక్క ముచ్చట అడుగుతందుకే ఈ కాయితం రాస్తున్న.

మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని నొక్కిచ్చి నొక్కిచ్చి ఆఖరికి ఒకామె పలికింది. పాపం మర్యాదగనే మాట్లాడింది. బండి ఎక్కడున్నదన్నది. నిర్మల్ దాటినంక అడవిల అన్న. పిన్‌కోడ్ చెప్పాలన్నది. టేకు చెట్లకు పిన్‌కోడ్ ఎవలు రాసిండ్రు సారూ? పిన్‌కోడ్ లేకుంటే కంప్లైంటు ఎక్కదట.

రాత్రంత ఎట్ల గడిచిందో మీరు అడగరు గనక నేనే చెప్త. టైర్ల కింద రాళ్లు పెట్టి, టేకు కొమ్మలు విరిచి బండి వెనక రోడ్డు మీద వరసగ పరిచినం. ఎర్ర ముక్కోణం బోర్డు పెడితే గాలికి పడిపాయె. నిలబడ్డ లారీని వెనకనుంచి గుద్దుడు మన హైవేల మీద కొత్త కాదు, అందుకే క్లీనర్ పోరడు తెల్లారేదాక దూరం నిలబడి లైటు ఊపుకుంట ఉన్నడు. క్యాబిన్‌ల పండుకో అంటే భయమైతున్నది అన్నడు. 2025 అక్టోబర్ 1 సంది కొత్త లారీల క్యాబిన్‌ల ఏసీ ఉండాలని రూలు వచ్చింది, మంచిదే. రోడ్డు మీద ఆగిన క్యాబిన్‌ల పండుకునే ధైర్యం గూడ కంపెనీ ఫిట్టింగ్‌లనే వస్తే ఇంకా మంచిగుంటుండె.

మర్నాడు లాప్‌టాప్ వచ్చింది. తెచ్చిన పిలగాన్ని నేను ఏమనను, పొద్దటి సంది తిండి లేక వచ్చిండు, మా చపాతీలే తిన్నడు. స్టీరింగు కింద వైరు గుచ్చిండు. లాప్‌టాప్ మీ సర్వరును అడగాలట, సర్వరుకు సిగ్నల్ కావాలట, అడవిల సిగ్నల్ లేదు. ఫోన్ పట్టుకొని లోడు మీదికెక్కి, తాటిపత్రి మీద నిలబడి నెట్ దొరకబట్టినం. అప్పుడు ఒక్క మీట నొక్కిండు. లైటు పోయింది. ఏం జేసినవ్ బిడ్డా అంటే, "క్లియర్ కొట్టిన అన్నా" అన్నడు. ఆ క్లియర్‌కు విజిటింగ్ చార్జి, కిలోమీటర్ల చార్జి, వాటి మీద జీఎస్టీ. ప్లగ్గు తోమిన మేస్త్రీ అడిగింది డీజిల్ పైసలు, చాయ్ పైసలు. పైగా బయటి మేస్త్రీ వైరు ముట్టిండు గనక వారంటీ పోవచ్చని మీ పిలగాడు మెల్లగ చెవుల వేసిండు.

పొగ తగ్గొద్దని నేనంటనా? 2020 ఏప్రిల్ 1న బీఎస్‌-4 మీదికెల్లి ఐదును దాటేసి ఆరుకు దుంకినం. ఢిల్లీ చలికాలం గాలి నేను పీల్చిన, కండ్లు మండుతయి. 2025 నవంబర్ 1 సంది బయటి రాష్ట్రాల బీఎస్‌-3 లోడు బండ్లను ఢిల్లీల అడుగు పెట్టనిస్తలేరు, బీఎస్‌-4కు 2026 అక్టోబర్ 31 దాకనే గడువు. అందుకే నడిచే బండిని అమ్ముకొని ఫైనాన్సుల మీ బండి తెచ్చిన. యాడ్‌బ్లూ పొయ్యిమన్నరు, పోసిన. నూటికి 32.5 పాళ్లు యూరియా, మిగిలింది శుద్ధి చేసిన నీళ్లు. రోడ్డు పక్కన సగం ధరకు అమ్మే బకెట్లు ముట్టలే, సీలున్న 20 లీటర్ల బకెట్టే కొన్న. 2025 వానాకాలంల యూరియా దొరకక తెలంగాణ రైతు సొసైటీ ముందు చెప్పులు లైన్ల పెట్టి ఆగిండు. ట్యాంకు నిండ యూరియా పెట్టుకొని నా లారీ ఆగింది.

యూరియా ఉన్నట్టు కంప్యూటరును మోసం చేసే డబ్బాలు దొరుకుతయని, పెట్టిచ్చుకొమ్మని ఢాబాల చెప్పినోళ్లున్నరు. అది చట్టం ఒప్పదు, నా మనసూ ఒప్పలే. కానీ ఆ డబ్బా పెట్టుకున్నోడు ఆ రాత్రి నన్ను దాటేసి నాగపూర్ చేరి ఉంటడు.

పాత బండి ఆగలేదా అంటే ఆగింది. డీజిల్ల ఎయిర్ పడితే ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి ఫీడ్ పంపు కొట్టేది. ముందు బుసబుస నురగ వచ్చేది, నురగ పోయి తేట డీజిల్ కారంగనే స్క్రూ బిగించి సెల్ఫు కొడితే లేచేది. ఎవల పర్మిషన్ అడగలే. ఈ లొల్లి నాదొక్కనిదే గూడ కాదు. అమెరికాల పర్యావరణ సంస్థ ఈపీఏ 2025 ఆగస్టుల కంపెనీలకు చెప్పింది, యూరియా సాఫ్ట్‌వేరు మార్చుండ్రి, బండి ఉన్నపళంగ బలం పోగొట్టుకోవద్దు, రిపేరు చేయించుకునే టైము డ్రైవరుకు ఇయ్యుండ్రి అని. 2027 మోడల్ లారీలు అట్లనే రావాలన్నది. మన దగ్గర 2022 జులైల కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అండ్ల సెల్‌ఫోన్లు, వ్యవసాయ పనిముట్లతో పాటు మోటారు బండ్లూ ఉన్నయి. మేస్త్రీకి ఆ ముచ్చట చెప్తే, "హక్కు సరే అన్నా, ఆ గుచ్చే వైరు ఎప్పుడిస్తరట?" అన్నడు.

ఆ వైరు ఇయ్యుండ్రి సారూ. నేరడిగొండ మేస్త్రీకి, జనగామ మేస్త్రీకి, పైసలు తీసుకొనే ఇయ్యుండ్రి. టోల్‌గేటు కాడ ఫాస్టాగ్ ఏ లాప్‌టాప్ లేకున్నా కోసుకుంటది, నెల తిరగంగనే కిస్తీ కోసుకుంటది, నా బండి లైటుకే ఇన్ని తాళాలెందుకు?

అది గూడ కుదరదంటే ఇంకొకటి. లైటు వెలిగిచ్చుకోండి, బజరు మోగిచ్చుకోండి, రిపేరు చేయించలేదని రాసుకోండి. మనుషులున్న ఊరిదాకనైతే బండిని దాని స్పీడుల నడవనియ్యుండ్రి. దండం పెడుత. వచ్చే వారం మళ్ల ఢిల్లీ లోడు ఉన్నది, అదే ఘాటు ఎక్కాలె, క్లీనర్ పోరడు ఇప్పటిసంది రానంటున్నడు.

ఇట్లు,
తరిగొప్పుల మండలం నుంచి మీ కిస్తీదారు